ఒక్క రోజు పరాయివాడు

“చేతులు ఆపండి” అన్నాను.

ఆమె ఆపలేదు. తెర మీద కత్తెర మూతి పిత్తాశయం చుట్టూ తిరుగుతూనే ఉంది. మా ఆసుపత్రిలో ఆమెకి అదే మొదటి కేసు. నాకు ఆ రోజుకి ఎన్నోదో, లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

“సర్జన్‌గారూ, మిమ్మల్నే. అర నిమిషం ఆగండి.”

“ఎందుకు?”

“ఊపిరితిత్తులు తెరవాలి.”

“ఆక్సిజన్ బాగానే ఉంది కదా! పేషెంటుకి ఉబ్బసం లేదు, దగ్గు లేదు. బాగున్న ఊపిరితిత్తులతో మీకేం పని?”

“బాగున్నాయి కాబట్టే పని.”

మాస్కు పైనుంచి రెండు కళ్ళు నా వైపు తిరిగాయి. సూదులంటే సూదులే. చేతులు మాత్రం ఆగాయి. నేను మెషీన్‌తో ఒక పొడుగాటి ఊపిరి నెమ్మదిగా నింపించి, కాసేపు పట్టి ఉంచి వదిలాను.

“అయిందా తమరి తపస్సు?”

“అయింది. కానివ్వండి.”

“గాలిబాబూ, నీకు ఇన్నాళ్ళకి సరైన జోడీ దొరికింది” అంది పెద్దక్క. ఆవిడ మా థియేటర్ నర్సు. అక్కడ అందరికీ పేర్లు పెట్టేదీ, అందరినీ తిట్టేదీ ఆవిడే.

నాకు మాటలు తక్కువ. మత్తిచ్చేవాడికి అది మంచిదే. నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎలాగూ నిద్రపోతారు. అందుకే ఆ రోజు ఆమెకి వివరంగా చెప్పలేదు. మత్తులో ఉన్న మనిషికి మెషీన్ ఊపిరి పోస్తుంది. ఇలాంటి కెమెరా ఆపరేషన్ కోసం పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తే అది పైకి తన్ని ఊపిరితిత్తుల అడుగుభాగాన్ని నొక్కేస్తుంది. లోపలి గాలి సంచులు తడిసిన కాగితాల్లా అతుక్కుంటాయి. వాటిని మెల్లగా విప్పాలి. మళ్ళీ అతుక్కోకుండా ఎప్పుడూ కాస్త గాలి మిగల్చాలి. అలాగని జోరుగా ఊదితే దెబ్బతింటాయి. మా నాన్న మడికి నీళ్ళు పెట్టేటప్పుడు మడి ఎండకూడదు, గట్టు తెగకూడదు అనేవాడు. నేను చదివిన పెద్ద చదువంతా ఇంచుమించు అదే.

ఆ తర్వాత రోజూ గొడవే.

“ఈ టేపేంటి? చొక్కాలు కూడా కుడతారా?”

“ఎత్తు కొలుస్తున్నాను.”

“బరువు చూశాం కదా.”

“పొట్ట పెరిగితే ఊపిరితిత్తులు పెరగవండీ. అవి ఎత్తును బట్టే ఉంటాయి. బరువు చూసి గాలి పోస్తే, పొట్టివాడికి పొడుగువాడి ఊపిరి పోసినట్టు.”

బల్ల మీదున్న పేషెంటు తన పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, “మీ పోట్లాట తేలాకే నన్ను నిద్రపుచ్చండి సార్” అన్నాడు.

కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒక్క కుర్చీయే ఖాళీగా ఉంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయిని అడిగి కూర్చున్నాను. టీ తాగుతున్నాను. ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. నేను కిటికీని చూశాను.

“నేనెవరో తెలియదా?”

“క్షమించాలి. పేషెంటు తాలూకా?”

ఆమె అరచేత్తో ముక్కూ నోరూ మూసుకుంది. కళ్ళు మాత్రం మిగిలాయి. టీ నా గొంతుకి అడ్డం పడింది.

“రోజూ నాతో గొడవ పెట్టుకుంటారు, మొహం కూడా చూడలేదా?”

“ఎప్పుడైనా చూపించారా?”

నవ్వింది. అంత నవ్వు మాస్కు వెనక దాచుకుని ఇన్నాళ్ళూ నాకు సూదులే గుచ్చింది.

అప్పటినుంచి ‘చేతులు ఆపండి’ అంటే చప్పున ఆపేది. ముగ్గురు చెయ్యాల్సిన పని ఇద్దరం చేస్తున్న రోజులవి. ఒక కేసు అయ్యేలోపు ఇంకొకటి గుమ్మంలో ఉండేది. మాకు తీరికంటూ ఉంటే ఆ అర నిమిషమే.

“తిన్నారా?”

“లేదు. మీరు?”

“నిన్న తిన్నాను.”

“నిద్ర?”

“అలాంటిదొకటి ఉంటుందని విన్నాను.”

“మాటలు ఆపి చేతులు ఆడించమ్మా సర్జనమ్మా” అనేది పెద్దక్క.

వానలు పట్టిన కొత్తలో ఒక సాయంత్రం పని ముగిసి, ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూలబడ్డాం. వాన కూడా డ్యూటీ దిగినదానిలా నీరసంగా పడుతోంది. ఆమె స్కూటర్ తడుస్తోంది. లేచి వెళ్ళి దాన్ని పక్కకి పెట్టే ఓపిక ఇద్దరికీ లేదు.

“మా అమ్మకి గర్భసంచి తీసెయ్యాలి” అంది. “గడ్డలు. రక్తం పోయి పోయి తెల్లబడిపోయింది. ఎంత బతిమాలినా ఒప్పుకోవట్లేదు.”

“కత్తి భయమా?”

“కత్తి కాదు, మత్తు. నా చిన్నప్పుడు ఒకసారి ఆపరేషన్ అయింది. లేచాక ఊపిరందలేదు. న్యుమోనియా వచ్చి నెలంతా మంచం మీదే ఉంది. మామూలుగా నడుచుకుంటూ వెళ్ళిన మనిషి ఆయాసంతో ఇంటికొచ్చింది. అదే ఆవిడ మనసులో ఉండిపోయింది.”

నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

“మీ గురించి చెప్పాను. టేపు సంగతి కూడా. ఆ అబ్బాయైతేనే వస్తానంది. నా స్నేహితురాలు ఆపరేషన్ చేస్తుంది. మత్తు మీరివ్వాలి.”

వానని చూశాను.

“నేను ఇవ్వను.”

“జోకా?”

“కాదు. మత్తివ్వడానికి మా పెద్ద డాక్టరుగారు ఉన్నారు కదా.”

“ఆయన మంచివారే, ఎవరు కాదన్నారు! కానీ ఆయన చెయ్యి పాత అలవాటు చెయ్యి. బరువు చూసి నిండుగా ఊదేస్తారు. మా అమ్మ పొట్టి, లావు. అది ఆవిడ ఊపిరితిత్తులకి ఎంత చేటో నాకు చెప్పిందే మీరు!”

“నేను చెప్తాను ఆయనకి.”

“మొదటిరోజు నేనన్న మాటలకా ఈ కక్ష?”

కారణం అది కాదు, అసలుది చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె చరాలున లేచి వానలోకి వెళ్ళిపోయింది. స్కూటర్ కూడా నా మీద కోపంతోనే బయల్దేరినట్టు మోగింది.

ఆ తర్వాత అర నిమిషాలు మూగబోయాయి. ఆపండి అంటే ఆపేది. కానివ్వండి అంటే కానిచ్చేది. వాళ్ళమ్మగారు ఇంట్లో ఇంకా తెల్లబడుతున్నారని పెద్దక్క చెప్పింది. నాకు దొరికే కాస్త నిద్రా రావడం మానేసింది.

చివరికి ఒక కేసు మధ్యలో “చేతులు ఆపండి” అన్నాను.

ఆపింది. మెషీన్ ఊపిరి నింపుతోంది.

“సొంతవాళ్ళకి మేం మత్తు ఇవ్వం” అన్నాను, పీడనం చూపించే ముల్లు మీద చూపు పెట్టి. “మాలో అదొక కట్టుబాటు. ఇంటి మనిషైతే చెయ్యి వణుకుతుంది. అందుకే ఇవ్వనన్నాను.”

“మా అమ్మ మీకు సొంతమనిషి ఎలా అయింది?”

నేను ముల్లునే చూస్తున్నాను. పెద్దక్క ట్రేలో ఏదో జారవిడిచింది. ఆవిడ చేతిలోంచి ఏదైనా జారడం మా థియేటర్‌లో ఎవరూ చూడలేదు.

“కానివ్వండి” అన్నాను.

ఆమె వెంటనే మొదలుపెట్టలేదు. మాస్కు ఒకసారి లోపలికి పోయి, బయటికి వచ్చింది. తర్వాత తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది:

“అయితే ఒక్క రోజుకి పరాయివాళ్ళయిపోండి.”

“అది నా వల్ల అవుతుందా?”

“అవ్వాలి. అమ్మ మిమ్మల్ని తప్ప ఎవరినీ నమ్మదు. నేనూ నమ్మను. మిగతా సంగతి మర్నాడు చూసుకుందాం.”

వాళ్ళమ్మగారు వచ్చి చేరారు. రెండు సీసాల రక్తం ఎక్కాక పెదాలకి కాస్త రంగు వచ్చింది. ఆపరేషన్ రోజు టేపు తీసేసరికి ఆవిడే నిటారుగా సర్దుకున్నారు.

“ఎంతుంది బాబూ?”

“కొంచెం తక్కువేనమ్మా.”

“పెళ్ళినాడూ ఇంతే. మా ఆయనా ఇలాగే మొహమాటపడ్డాడు.” నవ్వడం ఆపి నా మణికట్టు పట్టుకున్నారు. “కళ్ళు తెరిచేసరికి నాకు ఊపిరందాలి. అదొక్కటే.”

“మీ ఎత్తుకి సరిపడా పోస్తానమ్మా. ఎక్కువ పోయను, తక్కువ చెయ్యను.”

ఆవిడ నిద్రలోకి జారారు. తల కిందికి, కాళ్ళు పైకి ఉండేలా బల్ల వంచారు. పొట్టలో గ్యాస్. పాపం, లావుపాటి మనిషి బరువంతా ఆ చిన్న ఊపిరితిత్తుల మీదే. చిన్న చిన్న ఊపిరులు పోశాను. అడుగున కాస్త గాలి మిగిల్చాను. నడుమ నడుమ చేతులు ఆపించి మెల్లగా తెరిచాను. ఎవరో తెలియని పేషెంటు అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. చెయ్యి వణకలేదు. వీపు మీద చొక్కా మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉంది.

ముగిశాక తల ఎత్తి పెట్టి, మెలకువ వచ్చేదాకా ఆగి, గొట్టం తీశాను. ఆవిడ దగ్గారు. ఒక ఊపిరి తీసుకున్నారు, సందేహంగా, చన్నీళ్ళలో కాలు పెట్టి చూసేవాళ్ళలా. రెండోది కాస్త లోతుగా. మూడోదానికి కళ్ళు తెరిచారు.

“అందుతోంది” అన్నారు.

బయట తలుపు పక్కన ఆమె నిలబడి ఉంది.

“ఆపరేషన్ బాగా జరిగింది. మీ అమ్మగారికి ఊపిరి బాగా ఆడుతోంది” అన్నాను, అందరి బంధువులకీ చెప్పినట్టే.

ఆమె గోడకి జారగిలబడి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కనే కూర్చున్నాను. తుడిచే ఆయన మా చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు వార్డుకి వెళ్ళేసరికి వాళ్ళమ్మగారు దిండుకి ఆనుకుని కూర్చుని, నర్సు నేర్పినట్టు గుండె నిండా ఊపిరి తీసి వదులుతున్నారు. కూతురు పక్కన దుప్పటి మడత పెడుతోంది.

“రా బాబూ! ఆయాసం లేదు, దగ్గు లేదు. ఇక నాకు భయం లేదు. ఈ మోకాలు కూడా అరిగిపోయిందట, ఒంట్లో రక్తం పట్టాక అదీ చేయించేసుకుంటాను. అప్పుడూ నువ్వే ఉండాలి.”

“అప్పుడు కుదరదండీ.”

“అదేం? ఊరు మారుతున్నావా?”

“లేదండీ.”

“మరి?”

ఆమె మడిచిన దుప్పటినే మళ్ళీ మడుస్తోంది.

“అప్పటికి మీరు నాకు అత్తయ్య అవుతారు” అన్నాను.

ఆవిడ నవ్వబోయి కుట్లు పట్టుకున్నారు. “అమ్మా... నవ్వించకయ్యా! ఏమే, ఇతనికి మాటలు రావన్నావు? ఉన్న నాలుగు మాటలూ ఎక్కడ వాడాలో బాగానే తెలుసుగా!”

కూతురి చెవులు ఎర్రబడ్డాయి.

“కూర్చో నాయనా. తూలుతున్నావు.”

కూర్చున్నాను. కుర్చీ చేతి మీద తల వాలిపోతోంది. లేవబోయాను.

ఆమె ఆ దుప్పటి విప్పి నా మీద కప్పింది.

“కాసేపు పడుకో. కేసు టైముకి నేను లేపుతాను.”