ఒడ్డు మీది పిలుపు

1945. వానకాలం వెళ్లిపోయి, బతుకమ్మలను నీళ్లలో వేసిన తరువాతి వారం. సిద్దిపేట కోమటి చెరువు నిండుగా ఉంది. ఒడ్డు పొడుగునా తంగేడు, గునుగు పూలు కుళ్లి తేలుతున్నాయి. ఆ వాసన తియ్యగా ఉండేది.

నాది వెల్లకిల ఈత. మోజు కొద్దీ నేర్చుకున్నది కాదు. వానలకు దుబ్బాక బాట మునిగినప్పుడల్లా మా బాపు సాంబయ్య సాలోళ్లు నేసిన చీరల మూటలను రొమ్ము మీద పెట్టుకొని, వెల్లకిల ఈదుతూ ఈ చెరువు దాటించేవాడు. చీర తడిస్తే కూలి లేదు. ఆయన దగ్గరే నేనూ నేర్చుకున్నాను. తరువాత మూట లేకుండా పందేలకు పోయాను. కరీంనగర్‌లో గెలిచాను, మెదక్‌లో గెలిచాను. అక్కడ బోర్లా ఈదినవాళ్లు కూడా నా వెనకే వచ్చారు.

వెల్లకిల ఈదేవాడికి పోయే దిక్కు కనబడదు. కనబడేది ఆకాశం ఒక్కటే. అందుకని అవతలి ఒడ్డున ఒక మనిషి రాయి మీద నిలబడి ‘హో...’ అని పిలుస్తూ ఉండాలి. ఆ పిలుపు సరిగ్గా నడినెత్తి వెనక నుంచి వినబడితే దారి తప్పనట్టు. పిలిచేవాడు రాయి దిగకూడదు. ఈదేవాడి తల వచ్చి తన అరచేతికి తగిలేదాకా నోరు ఆపకూడదు. మా ఇంట్లో అది ఒట్టు లాంటిది. నా తల తగలగానే బాపు బొటనవేలితో నా నుదుటి మధ్యలో ఒకసారి నొక్కేవాడు. చేరినట్టు గుర్తు.

అప్పటికి రెండేళ్ల కింద బాపు ఈ చెరువులోనే మునిగాడు. ఆ సాయంత్రం పిలిచినవాడు నా తమ్ముడు సారయ్య. గాలికి పిలుపు అందలేదని వాడన్నాడు. నోరు ఆపాడని ఊరన్నది. మూట తేలింది. బాపు తేలలేదు.

బతుకమ్మల తరువాతి ఆ వారమే హైదరాబాదు నుంచి ఒక సాహెబు వచ్చాడు. వెల్లకిల ఈతలో గెలిచినవాణ్ని పట్నం తీసుకుపోయి ఈత కొలనులో నౌకరీ ఇప్పిస్తానని, పెద్ద పందేలకు పంపుతానని చాటింపు వేయించాడు. నాకు ఉన్నది ఆ ఒక్క దారి. అది తప్పితే బాపు లాగే మూటలు మోసి, బాపు లాగే పోవాలి. నాకు పోటీగా దిగింది పట్నంలో చదివే రాంచందర్. వాడి కోసం పిలవడానికి భూమయ్యను కూలికి పెట్టుకున్నారు. భూమయ్యకు గట్టిగా పిలిచే గొంతు లేదు. రేకు డబ్బా కొట్టేవాడు.

పందెం మధ్యాహ్నం అన్నారు. పందెం చూడవచ్చిన దొరలు భోజనాలు చేశారు, చాయ్ తాగారు, కునుకు తీశారు. మేము గోచీలు పెట్టుకొని కట్ట మీద కూర్చున్నాం. పొద్దు వాలింది. పడమట మబ్బు పట్టింది.

“గొంతు మంచిగున్నదారా?” అన్నాను.

“పొద్దుగాల్నుంచి చింతపండు ముట్టలే అన్నా,” అన్నాడు సారయ్య. “నువ్వు పట్నం పోతె నాకేం పని ఇప్పిస్తవ్?”

“గీడ పిలిచినట్టే గాడ పిలువు.”

“గంతేనా? మంచం మీద కూసోని పిలువచ్చా?”

పక్కనుంచి భూమయ్య డబ్బా సవరించుకుంటూ అన్నాడు. “సారిగా, ఈసారన్న నోరు మూయకురా. మీ ఇంట్ల ఈతగాడు ఒక్కడే మిగిలిండు.”

సారయ్య నవ్వు ఆగిపోయింది. “రాయి దిగనే దిగ, భూమన్నా. సచ్చినా నా పిలుపు ఆగదు.”

మమ్మల్ని తెప్ప మీద అవతలికి తీసుకుపోయే ముందు నన్ను కన్న మా అవ్వ ఐలవ్వ నా చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

“పొద్దు గూకుతుంది బిడ్డా. మీ బాపు నీళ్లల్లనే ఉన్నడు. నీళ్లల్లనుంచి పిలిస్తె పోకు. ఒడ్డు మీది పిలుపుకే పో.”

అవతలి ఒడ్డున సాహెబు మనిషి రుమాలు ఊపాడు. నేను, రాంచందర్ నీళ్లలో పడ్డాం.

మొదట బాగానే ఉంది. చేయి లేపినప్పుడు చెవి పైకొచ్చేది. అప్పుడు సారయ్య పిలుపు, దూరంగా భూమయ్య డబ్బా. చెవి మునిగితే నా గుండె చప్పుడొక్కటే. పైన మబ్బు నల్లబడుతోంది. ఒక కొంగ ఇంటికి పోతోంది. రాంచందర్ చేతుల చప్పుడు వెనకబడింది. గెలుస్తున్నానని తెలిసింది.

మధ్యకు వచ్చేసరికి నీళ్లు చల్లబడ్డాయి. కుళ్లిన పూల వాసన... ఒడ్డున ఉండాల్సిన వాసన నడి చెరువులో వచ్చింది. గాలి లేచింది. డబ్బా వినబడటం మానేసింది. సారయ్య పిలుపు కూడా ఆగింది.

నేను చేతులు ఆపాను.

నిశ్శబ్దం.

ఆ తరువాత రెండు పిలుపులు వినబడ్డాయి.

ఒకటి నీళ్ల పైనుంచి, ఒడ్డు దిక్కునుంచి. గాలి ఉన్నా తొణకకుండా, నింపాదిగా... హో... హో... రెండోది ఎడమ దిక్కునుంచి. చెవులు మునిగినప్పుడే వినబడుతోంది. నీళ్ల లోపలినుంచి. తెగిపోతూ, నీళ్లు మింగుతూ పిలుస్తోంది. చెవి పైకెత్తితే లేదు. ముంచితే ఉంది.

అవ్వ మాట గుర్తుకొచ్చింది. పైనున్న పిలుపుకే తల తిప్పాను.

లోపలి పిలుపు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... నా వీపు కిందికి వచ్చింది. ఏవో వేళ్లు నా మొలతాడు పట్టుకున్నాయి. గుంజాయి. నేను అరవలేదు. అరిస్తే నోట్లోకి నీళ్లు వస్తాయి. మడిమతో తన్నాను. మెత్తగా తగిలింది. మళ్లీ తన్నాను. బలం కొద్దీ తన్నాను.

వేళ్లు వదిలాయి. లోపలి పిలుపు ఆగిపోయింది.

ఆ తరువాత చేతులు ఎట్లా కదిలాయో నాకు తెలియదు. పైనున్న పిలుపు పెద్దదవుతూ వచ్చింది. నా తల అరచేతికి తగిలింది. బొటనవేలు నుదుటి మధ్యలో ఒకసారి నొక్కింది. ఆ చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది.

సారయ్యకు అట్లా నొక్కే అలవాటు లేదు.

తిరిగి చూశాను. రాయి మీద ఎవరూ లేరు. సారయ్య రుమాలు, అంగీ పక్కన కుప్పగా పడి ఉన్నాయి. అవి పొడిగా ఉన్నాయి. రాయి మాత్రం తడిగా ఉంది.

భూమయ్య కందిలి పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. వెలుగు నా ముఖం మీద పెట్టి, నా వెనక నీళ్లలోకి చూశాడు.

“సారిగాడేడి?”

“గీడనే ఉన్నడు గద. ఇప్పటిదాక పిలిచె.”

“ఏం మాట్లాడుతున్నవ్, ఇస్తారీ...” భూమయ్య గొంతు తగ్గించాడు. “తూము తెరిచే ఉన్నది. ఎవరూ చూడలే. నడిమిట్లకు రాంగనే నువ్వు తూము దిక్కు కొట్టుకపోతున్నవ్. ఆడు ఒర్రి ఒర్రి, గాలికి ఇనవడ్తలేదని రాయి దిగి దునికిండు. నిన్ను మలుపుదామని.”

“మరి నన్ను పిలిచిందెవరు?”

భూమయ్య కందిలి ఎత్తి రాయి మీది తడిని చూశాడు.

“ఎవరూ పిలువలే. గాలికి ఇనవడదని నేను సుత డబ్బ ఆపిన.”

తెల్లారి సారయ్య తూము దగ్గర దొరికాడు. నోరు తెరిచే ఉంది. రొమ్ము మీద మడిమ అచ్చు నల్లగా కమిలి ఉంది. అవ్వ దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. నన్నేమీ అడగలేదు. చచ్చేదాకా అడగలేదు.

తూము ఎవరు తెరిచి పెట్టారో దొరలు విచారించలేదు. సాహెబు మాత్రం మాట తప్పలేదు. పట్నం తీసుకుపోయాడు. అక్కడి కొలనులో అడుగు దాకా కనబడుతుంది. పిలిచేవాళ్లు ఉండరు, దారికి తాళ్లు కట్టి ఉంటాయి. మొదటిరోజే వెల్లకిల పడుకొని చెవులు ముంచాను.

లోపల ఏమీ లేదు. చెవులు పైకెత్తాను. తల వెనక, గోడ దిక్కునుంచి, నింపాదిగా... హో...

బయటికొచ్చి ఒళ్లు తుడుచుకోకుండానే బస్సెక్కాను. నా జాగాలో రాంచందర్‌ను తీసుకున్నారు.

నాకు రాత్రి బడిలో అక్షరాలు నేర్పిన పంతులు దెయ్యాలు లేవన్నాడు. నా నుదుటి మధ్యలో వేలు పెట్టి చూడమన్నాను. పెట్టి, చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. ఎండకాలం మధ్యాహ్నం కూడా ఆ ఒక్కచోట తడి ఆరదు. కుళ్లిన తంగేడు పూల వాసన వస్తుంది.

సారయ్యకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. మా అవ్వ ఇద్దరు కొడుకుల్లో ఒక్కణ్ని మిగిలాను. ఆ తరువాత నేను ఏ పందెంలోనూ ఈదలేదు.