జైపాల్ ఏరి తెచ్చుకున్న మిషన్

నవంబరు పదహారు. ఉదయం ఎనిమిదీ నలభై.

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే దారిలో, తొమ్మిదో కిలోమీటరు దగ్గర, కల్వర్టు కింద శవం ఉంది.

ఎస్.ఐ. సరిత జీపు దిగింది.

పేరు జైపాల్. వయసు ఇరవై ఆరు. సెల్ టవర్ల టెక్నీషియన్. తలకు హెల్మెట్ ఉంది. తొడలో లోతైన గాయం. జేబులో ఫోను ముక్కలయింది. సైకిలు పొదల్లో పడి ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడదు.

పైన రోడ్డంచున వరసగా నాలుగు రాళ్లు. వడ్లు ఆరబోసినవాళ్లు వడ్లు ఎత్తుకుపోయారు. అడ్డం పెట్టిన రాళ్లు వదిలేశారు. ప్రతి కోతల కాలంలోనూ ఇదే తంతు. ఎవరిదో రాయి, ఎవరి కొడుకో.

"యాక్సిడెంటే మేడం," అన్నాడు కానిస్టేబుల్ లింగన్న.

సరిత సైకిలు హ్యాండిల్ చూస్తోంది. అక్కడొక చిన్న స్టాండు ఉంది. అందులో ఉండాల్సిన వస్తువు లేదు.

"గీడ ఏముండె?"

"జీపీఎస్ మేడం."

చెప్పింది విశ్వజిత్. కోరుట్లలో అందరూ దొర అని పిలిచే బాపు రావు కొడుకు. జైపాల్‌తో కలిసి సైకిల్ రైడ్లు చేసేవాడు. శవాన్ని మొదట చూసింది అతనే.

"ఎప్పుడు చూసినవ్?"

"ఏడూ ముప్పై అయిదుకు. పొదల్ల సైకిల్ వెనక లైటు ఎర్రగ కొట్టుకుంటుంటే ఆగిన. 108కి చేసిన. వాళ్లింటికి చేసిన. అప్పుడు జీపీఎస్ ఉండె మేడం. ఇప్పుడు లేదు."

మధ్యలో వచ్చింది జైపాల్ ఇంటివాళ్లు, వాడకట్టు జనం. ఇరవై మందికి పైనే.

మధ్యాహ్నం పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు పెదవి విరిచాడు.

"రక్తం పోయి చనిపోయిండు. పడ్డంక గంటదాక బతికే ఉన్నడు. అరగంటల తెచ్చి ఉంటే దక్కేటోడు."

పడింది ఎప్పుడు? రెండున్నర కిలోమీటర్ల వెనక పెట్రోలు బంకు ఉంది. అక్కడి సీసీ కెమెరాలో జైపాల్ ఆరూ పద్నాలుగుకు కనిపించాడు. అతని వేగానికి ఆరు నిమిషాల దారి. అంటే ఆరూ ఇరవై.

గంటసేపు ఆ పిల్లవాడు ఒక్కడే పడి ఉన్నాడు.

*

మరునాడు. జగిత్యాల. సైకిళ్ల షాపు ఓనరు ధనుంజయ్ జైపాల్ పేరు వినగానే కుర్చీలో కూలబడ్డాడు.

"నెల కింద మూడుసార్లు అచ్చిండు మేడం. రెండు వందల కిలోమీటర్ల రైడ్ ఉంది, జీపీఎస్ కావాలె అని. రంగుల మ్యాప్ ఉన్నది చూపిచ్చిన. మంచిగుంది అన్నడు, తీస్కోలే. రెండు దినాలు చార్జింగ్ ఆగేది చూపిచ్చిన. అదీ తీస్కోలే."

"మరేది తీసుకున్నడు?"

"చిన్న స్క్రీన్‌ది. మ్యాప్ అంతంతే. గని, పడితే మెసేజ్ పంపుతది. దాంట్లనే సిమ్ ఉంటది. ఫోన్ పగిలినా పనిచేస్తది. పడ్డంక ముప్పై సెకన్లు కూస్తది. ఎవరు ఆపకుంటే మెసేజ్ పోతది, ఏడ పడ్డడో గూడ."

సరిత పెన్ను ఆగింది.

"ఎవరికి పోతది?"

"ఒక్క నంబర్‌కే. ఆ నంబర్ ఇంటికి పోయినంక ఎక్కించుకుంట అన్నడు. గీ టేబుల్ మీద పదిసార్లు పడేసి చూసిండు మేడం, మోగుతదా లేదా అని. 'నేను సైకిలెక్కితే మా అవ్వ బువ్వ తినదన్నా' అన్నడు."

అంటే ఎవరికో మెసేజ్ వెళ్లింది. వాళ్లు రాలేదు. సిమ్ కంపెనీ వివరాలు ఇవ్వడానికి పది రోజులు పడుతుందట.

సాయంత్రం లింగన్న జైపాల్ ఇంటికి వెళ్లి వచ్చాడు. జైపాల్ అవ్వ అని పిలిచే తల్లి నర్సవ్వ బీడీలు చేస్తుంది. చదువు రాదు. చెల్లెలు స్రవంతి డిగ్రీ చదువుతోంది.

"తల్లి ఫోన్ చూసిన మేడం. ఒక్క మెసేజ్ గూడ లేదు. స్రవంతి ఫోన్ల గూడ ఆ టైంకు ఏం రాలే."

ఇక మిగిలింది విశ్వజిత్. సరిత ఆ రాత్రే అతన్ని స్టేషన్‌కు పిలిపించింది.

*

మూడో రోజుకల్లా పోలీస్ స్టేషన్ ముందు జనం చేరారు.

"మెసేజ్ దొర కొడుక్కే అచ్చింది! సూసి పండుకున్నడు!"

"మిషన్ గూడ ఆయనే మాయం జేసిండు!"

కుండ మూతికి మూకుడుంది గాని, ఊరి మూతికి లేదు. లోపల విశ్వజిత్ మూడు రోజుల గడ్డంతో కూర్చున్నాడు. అన్నం పార్సిల్ విప్పనే లేదు.

"ఇద్దరం కలిసి పోదామనుకున్నం మేడం. అలారం ఆపి పండుకున్న, లేటుగ బయలెల్లిన. నేను పక్కన ఉంటే వాడు బతుకుతుండె. అది నా తప్పే. మెసేజ్ మాత్రం నాకు రాలే."

"తీసేసినవా?"

"వాడు పంపిన మెసేజ్ చూసి నేను పండుకుంటనా మేడం?"

అతను ఏడ్చాడు. సరిత నమ్మింది. నమ్మకం సాక్ష్యం కాదు.

అప్పుడు లింగన్న జేబులో ఫోను టింగుమంది.

"సిమ్ కంపెనీ రీచార్జ్ మెసేజే మేడం. దినాం పది వస్తయ్. మా ఇంటామె ఫోన్ల రెండు వేలున్నయ్. చదువరాదు, తీసెయ్యరాదు."

సరిత లేచి నిలబడింది.

"లింగన్నా, జీపు తియ్."

*

ఇంటి ముందు నర్సవ్వ కూర్చుని ఉంది. ఒడిలో బీడీల చాట ఉంది. చేతులు కదలడం లేదు. సరిత స్రవంతిని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది.

"మీ అవ్వకు చదువస్తదా?"

"రాదు మేడం."

"మెసేజ్‌లు తీసెయ్యస్తదా?"

"రాదు."

"చదువు రాని మనిషి ఫోన్‌ల వేల మెసేజ్‌లు పడి ఉంటయ్ స్రవంతీ. మీ అవ్వ ఫోన్‌ల ఒక్కటి గూడ లేదు. ఎవరు తీసిండ్రు?"

స్రవంతి లోపలికి వెళ్లి కాలేజీ బ్యాగులోంచి అగ్గిపెట్టెకు రెండింతలున్న నల్లటి వస్తువు తెచ్చింది. బటన్ నొక్కింది. స్క్రీన్ మీద ఇంగ్లీషులో రెండే ముక్కలు: 'మెసేజ్ వెళ్లింది.' ఆ కింద పేరు: అవ్వ.

"విశ్వజిత్ అన్న ఫోన్ పెట్టేసినంక అవ్వ ఫోన్ చూసిన మేడం. ఆరూ ఇరవై ఒకటికే అచ్చి ఉంది. అవ్వ ఫోన్ పక్కన పెట్టుకొని బీడీల ఆకు కత్తిరిస్తుండె. నేను లోపల పండుకున్న." ఆమె ఇంటి ముందు వైపు చూసింది. "భయమై అన్నీ తీసేసిన. ఆడికి పోయినంక అన్న సైకిల్ మీద గీ పేరు కనబడ్డది. చున్నీల దాసుకున్న. అవ్వకు తెలిస్తే బతుకుతదా మేడం?"

"విశ్వజిత్ నిన్న రాత్రి సంది స్టేషన్ల ఉన్నడు."

"తెలుసు. అన్నం ముద్ద దిగుతలేదు."

సరిత ఆ వస్తువును చేతిలోకి తీసుకుంది. ఎంతో బరువుండదు. అది చేయాల్సిన పని చేసింది. పడ్డ నిమిషానికే చేసింది.

*

సాయంత్రం నాలుగు. నర్సవ్వ ఇంటి ముందు వాడకట్టంతా చేరింది. విశ్వజిత్ తలవంచుకుని జీపు పక్కన నిలబడ్డాడు. స్రవంతి గడపలో ఉంది.

సరిత గొంతు సవరించుకుంది. పదకొండేళ్ల సర్వీసులో ఆమె ఎప్పుడూ చేయని పని చేయబోతోంది.

"మిషన్ దొరికింది. పొదల్ల పడ్డది. అది ఖరాబుది. మెసేజ్ ఎవరికీ పోలే. ఇందుల విశ్వజిత్ తప్పు లేదు."

జనం గుసగుసలాడారు. స్రవంతి కళ్లు మూసుకుంది.

"అది ఖరాబు కాలే మేడం."

నర్సవ్వ లేచింది. చాట కింద పెట్టింది.

"నా కొడుకు నెలంత తిరిగి ఏరి తెచ్చుకున్నడు. ఖరాబుది ఎందుకు తెస్తడు? సచ్చినోని మీద మాట పెట్టకుండ్రి. మెసేజ్ నాకే అచ్చింది."

"అవ్వా..." అంది స్రవంతి.

"పడితే నీ ఫోన్ మోగుతదే అవ్వా అన్నడు. మోగుతదంటే నేను రింగ్ అనుకున్న. అది టింగుమన్నది. కంపెనోడు అనుకొని ఆకు కత్తిరిచ్చుకుంట కూసున్న."

స్రవంతి గడప దిగి తల్లి దగ్గరకు వచ్చింది.

"నీకెట్ల తెలిసిందే?"

"నా ఫోన్ మీద మెసేజ్‌ల కవరు బొమ్మ ఉంటుండె బిడ్డా. కొన్నకాడికెళ్లి ఉండె. వాడు పోయిన దినం సంది లేదు. నాకు అచ్చరాలు రావు గని, బొమ్మ కనబడదా? నువ్వు దాస్తున్నవని నేను గూడ దాసిన. నీ పానం ఏమైతదోనని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గా పిలగాడు స్టేషన్ల ఉన్నడని నాకెవ్వలు చెప్పకపోతిరి. చెప్తే అప్పుడే ఈ మాట అందును."

ఆమె జీపు దగ్గరకు నడిచింది. విశ్వజిత్ చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి పో కొడుకా. బువ్వ తిను."

అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. పొద్దున స్టేషన్ ముందు అరిచినవాళ్లు నేల చూస్తున్నారు. సరిత టోపీ తీసి చేత్తో పట్టుకుంది. తాను ఆడిన అబద్ధానికి సిగ్గేసింది. ఒక తల్లిని తక్కువ లెక్క కట్టినందుకు ఇంకా సిగ్గేసింది.

అప్పుడు నర్సవ్వ రొండిన దోపుకున్న ఫోను టింగుమంది.

ఆమె ఫోను తీసి రెండు చేతులతో కూతురికి అందించింది.

"చదువు బిడ్డా."

స్రవంతి చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది.

"రీచార్జ్ రేపటితోని అయిపోతదట అవ్వా."

"ఇంకేం రాయలేదా?"

"లేదే."

"మంచిగ చూడు," అంది నర్సవ్వ.