జాడీలో బఠాణీలు

"ఏమండీ... డబ్బా."

వీధి ఆ చివరి నుంచి వచ్చిన కేక అది. జాడీల మావయ్య వినపడనట్టే నడిచాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ విద్య ఏ మొగుడికైనా పట్టుబడేదే గానీ, ఆయన ఇవాళ తల తిప్పనిది సిగ్గుతో. అన్నం డబ్బా మరిచిపోవడం వరసగా ఇది నాలుగో రోజు. నిజానికి మరిచిపోవడం లేదు, వదిలేసి వస్తున్నాడు.

ఆయన పని వైద్య కళాశాలలో. మేడ మీద పొడుగాటి గది. గది నిండా అరలు, అరల నిండా గాజు జాడీలు, జాడీల్లో ఘాటైన మందునీళ్లు, ఆ నీళ్లలో మన లోపలి సామాన్లు. నోట్లో పెట్టిన ముద్ద ఏ దారిన పోతుందో అదే వరసలో పేర్చి ఉంటాయి. ముందు జానెడు పొడుగు ఆహారనాళం. తర్వాత సంచీలాంటి జీర్ణాశయం, అదే మన కడుపు. ముద్ద అక్కడ మూడు నాలుగు గంటలు నలిగి జావవుతుంది. ఆ పక్కన చిన్నపేగు. పేరుకే చిన్న, విప్పితే ఇరవై అడుగులు. తిండిలోని సారమంతా పీల్చుకునేది అదే. దానికి పైత్యరసం పంపే కాలేయం ఇంకో జాడీలో. చిట్టచివర పెద్దపేగు, మిగిలిన నీళ్లు కూడా వదలని పిసినారి. ఎనిమిదో తరగతి దాటని మావయ్య కొత్త పిల్లలకి ఇదంతా తడుముకోకుండా చెప్పేవాడు.

కడుపు జాడీ దగ్గర మాత్రం గొంతు తగ్గించేవాడు. అది వంటమ్మది.

వంటమ్మ ఆ కళాశాల క్యాంటీన్‌లో పాతికేళ్లు వండింది. మావయ్య పనిలో చేరిన కొత్తలో జేబు ఖాళీ అని ముఖం చూసి కనిపెట్టి, అడగకుండానే పళ్లెం ముందు పెట్టిన మనిషి. పోయేముందు ఒళ్లు కళాశాలకే రాసిచ్చింది. ఇన్నాళ్లూ పిల్లల కడుపులు చూశాను, ఇక నా కడుపు వాళ్లు చూసుకుంటారు అని నవ్విందట. ఏటా ఒక రోజు, ఇలా ఒళ్లిచ్చినవాళ్ల ఇళ్లవాళ్లని కళాశాలే పిలుస్తుంది. వాళ్లు జాడీల ముందు పూలు పెడతారు, తర్వాత అందరూ కలిసి క్యాంటీన్‌లో భోంచేస్తారు. ఆ రోజు ఇవాళే. వంటమ్మ కూతురు మొదటిసారి వస్తోంది.

మావయ్య చేసిన తప్పు మూడు నెలల నాటిది. మందునీళ్లు మార్చేటప్పుడు కింద తొట్టి పెట్టాలి. ముప్పై ఏళ్ల అనుభవం కదా, నాకెందుకు తొట్టి అనుకున్నాడు. జాడీ జారింది. గాజుముక్కల మధ్య వంటమ్మ కడుపు. అప్పుడే మెట్ల మీద, ఆ విభాగం నడిపే పెద్ద మేడమ్ చెప్పుల చప్పుడు. ఏం చేస్తున్నాడో తెలిసే లోపే, గాజుతో పాటు దాన్నీ చెత్తసంచీలోకి ఊడ్చేశాడు. సాయంత్రానికి సంచీ చెత్త కాల్చే కొలిమిలో కాలిపోయింది.

మర్నాడు మాంసం కొట్టుకెళ్లి పంది కడుపు కొన్నాడు. మనిషిదానికి బాగా దగ్గరగా ఉంటుందని ఆయనకి తెలుసు. ఏం వండుతున్నారేంటి అని కొట్టువాడు వేళాకోళమాడితే, నవ్వలేక నవ్వాడు. లోపలి ముడతలు కనపడేలా పాతదాని లాగే నిలువునా కోసి, కొత్త జాడీలో వేసి, వంటమ్మ చీటీ అంటించాడు. ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రాత్రి నుంచీ ఆయన ఎంత తిన్నా ఆకలి తీరలేదు. మర్నాడు చూస్తే, ఆ కడుపు ముడతల్లో అన్నం మెతుకులు...

ఆయన తిన్నవే.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే పట్టకారుతో తీసి పారేయడమే పని. బెల్టుకి రెండు కొత్త చిల్లులు పడ్డాయి. చివరికి, తినకపోతే అక్కడా ఏమీ ఉండదని, తిండే మానేశాడు.

కానీ ఇవాళ భార్య ఊరుకోలేదు. డబ్బా పట్టుకుని రొప్పుతూ కళాశాల మెట్ల దాకా వచ్చింది. సగమైపోయారు, నా ఎదురుగా తినండి, తర్వాత మీ జాడీలతో కాపురం చేసుకోండి అంది. నాలుగు రోజుల ఆకలి. అన్నం, పచ్చి బఠాణీల కూర. రెండు ముద్దలనుకున్నవాడు డబ్బా నాకేశాడు. ఆకలి రవ్వంత కూడా తగ్గలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. జాడీ.

పరుగున మేడెక్కాడు. బయట మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. గదిలో మందునీళ్ల ఘాటు, దాని అడుగున సన్నగా తాలింపు వాసన. అరల మధ్య చీకటిగా ఉంది. ఎక్కడో... గుటక.

ఆగాడు.

ఇంకో గుటక. నింపాదిగా. ఎవరో వెనక కూర్చుని తింటున్నట్టు.

జాడీలో కడుపు ఉబ్బి ఉంది. ముడత ముడతకీ పచ్చగా బఠాణీలు. ముడతలు మెల్లగా మూసుకుంటున్నాయి... తెరుచుకుంటున్నాయి...

మూత తీసి పట్టకారు దించాడు. వెనక తలుపు కిర్రుమంది.

"ఇదేనా మావయ్యా, అమ్మది?"

వంటమ్మ కూతురు. చేతిలో పూలు. మావయ్య చేతిలో పట్టకారు, పట్టకారు కొసన బఠాణీ.

అబద్ధం నాలిక చివరే ఉంది. మూడు నెలలుగా అక్కడే ఉంది. ఆ పిల్ల ముఖంలో వంటమ్మ పోలిక చూశాక అది బయటికి రాలేదు.

"కాదు తల్లీ. మీ అమ్మది నేనే పారేశాను."

అంతా చెప్పాడు, నేల చూస్తూ. ఆమె జాడీ మీదికి వంగి ఆ బఠాణీలని చూసింది.

"చివరి నెల అమ్మకి ముద్ద గొంతు దిగలేదు. బఠాణీలు వండవే, ఆకలేస్తోందే అని అడుగుతూనే పోయింది." తీసి ఉన్న మూత తనే జాడీకి పెట్టి, దాని ముందు పూలు ఉంచింది. "ఈ మాట కింద అందరి ముందూ చెప్పండి మావయ్యా."

చెప్పాడు. క్యాంటీన్‌లో, పళ్లేల ముందు నిలబడి, చేతులు కట్టుకుని. పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయింది. భోజనాలకి ఆగిన భార్య ఖాళీ డబ్బాని కొంగు కింద దాచుకుంది. అది చూసి ఆయనకి నేల చీలితే బాగుండనిపించింది.

"కూర్చోండి," అంది కూతురు. "అమ్మ ఉంటే ముందు అన్నం పెట్టేది. తిట్లు తర్వాత."

అందరూ కూర్చున్నారు. మావయ్య మొదటి ముద్ద మింగాడు. అది దిగింది. జానెడు నాళం దాటి, పక్కటెముకల కింద వెచ్చగా కూర్చుంది. రెండో ముద్దకే కడుపు నిండింది. మూడు నెలల తర్వాత ఆకలి తీరేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తలెత్తాడు.

పెద్ద మేడమ్ మారు వడ్డించుకుంటోంది. నాలుగు ముద్దలు తింటేనే ఆయాసపడే భార్య మూడోసారి పళ్లెం చాపింది. అటు చివర ఎవరో గిన్నె అడుగు గీకుతున్నారు. ఎవరూ పళ్లెం మీంచి తల ఎత్తడం లేదు. గుటకలు... గుటకలు...

వంటమ్మ కూతురు పొట్ట మీద చెయ్యి వేసుకుని, కాస్త సిగ్గుపడుతూ ఆయన పళ్లెం వైపు వంగింది.

"మీరు తినకపోతే ఇటివ్వండి మావయ్యా. ఏమిటో... ఎంత తిన్నా కడుపులోకి దిగినట్టే లేదు."

పైన, మేడ మీద గదిలో, గాజు మూత ఒకటి మెల్లగా పక్కకి జరిగిన చప్పుడైంది.