ఫోను మోగని రోజు

"ఆడోళ్లంత జమై, సైకిళ్లేసుకొని మూడొద్దులు ఊర్లు తిరుగుతరట! గిదేం సెలవే? సెలవంటే ఇంట్ల కాళ్లు చాపుకొని పండుకోవాలె!"

రాంప్రసాద్ అరుపు కింద వరంగల్ బజారులోని స్టీలు సామాన్ల కొట్టుదాకా వినిపించింది. కొట్టులో గిన్నెలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి పైకి చూశారు. భార్య పద్మ మాత్రం చపాతీలు ఒత్తడం ఆపలేదు. ఇంట్లో కాళ్లు చాపుకోవడమట! మీరే చెప్పండమ్మా, ఇంటి ఇల్లాలు ఇంట్లోనే కాళ్లు చాపుకొని పడుకున్న సెలవు మీలో ఎవరైనా చూశారా? పండగొస్తే రెండు పొయ్యిల పని నాలుగు పొయ్యిలవుతుంది. ఆదివారమొస్తే వారమంతా దాచిపెట్టిన బట్టల మూట ముందుకొస్తుంది. ఆఖరికి తిరుపతి పోయినా అందరి తువ్వాళ్లు, అందరి మాత్రలు, అందరి చెప్పులూ కనిపెట్టుకొని కూర్చున్నది పద్మే. గోవిందనామం నోట్లో ఉంది గానీ, కళ్లు మాత్రం సంచుల మీదే ఉన్నాయి పాపం!

ఆమె అడిగింది పెద్ద కోరికేమీ కాదు. షుగర్ మొదలయ్యిందని డాక్టర్ నడవమంటే రోజూ పొద్దున్నే నడకకు పోయేది. అక్కడే శ్రీలత టీచర్ పరిచయమైంది. రిటైరైనా కుదురుగా కూర్చోని మనిషి. ఇల్లు తప్ప ఏమీ చూడని ఆడవాళ్లను పోగేసి సైకిళ్లు ఎక్కిస్తుంది. చిన్నప్పుడు అన్న సైకిల్ దొంగతనంగా తొక్కి నేర్చుకున్న విద్య పద్మకు మళ్లీ కాళ్లలోకొచ్చింది. ఆదివారాలు తెల్లారకముందే లేచి, వంట ముగించి, మడికొండదాకా తొక్కి వచ్చేది. ఇప్పుడు మూడు రోజుల యాత్ర. మొదటి రోజు పాలకుర్తి, రెండో రోజు తొర్రూరు, మూడో రోజు వరంగల్ మీదుగా హన్మకొండ. సామాన్లకు వెనకాల ఒక వ్యాను. అంతే!

"ఏమండీ, పెండ్లయినకాడి నుంచి నేను పెండ్లిళ్లకు పోయిన, చావులకు పోయిన, పురుళ్లకు పోయిన. పోయిన ప్రతి ఇంట్ల వంటింట్లనే ఉన్న. ఒక్కపారి నా కోసం నన్ను పోనియ్యరా..." అంది పద్మ, చపాతీ కర్ర పక్కన పెట్టి.

మంచం మీద పప్పు ఏరుతున్న అత్తగారు చిలుకమ్మ చాట పక్కన పెట్టింది. "పోనియ్యిరా! మూడొద్దులల్ల ఇల్లేం కూలిపోతదా? నేను లేనా?" అంది కొడుకుతో. మనిషి నోరు కటువే. పద్మకు కోడలిగా పడ్డ మాటలు తక్కువేం కావు. కానీ ఆ పూట ఎందుకో ఆ ముసలామె కోడలి పక్షాన నిలబడింది.

పద్మ బయల్దేరే ముందు పులిహోర కలిపింది, చింతపండు పచ్చడి నూరింది, అత్తగారి మాత్రలు పూటపూటకూ వేరుచేసి డబ్బాలో పెట్టింది. ఇంజనీరింగ్ చదివే కొడుకు సాయితేజకు కుక్కర్ పెట్టడం ఎట్లాగో చూపించింది. వాడు ఫోన్‌లో ముఖం పెట్టుకొనే "ఆఁ, సమజైంది మమ్మీ" అన్నాడు. ఏం సమజైందో ఆ దేవుడికే తెలియాలి!

మొదటి రోజు ఊరు దాటీ దాటకముందే ఫోను మొదలైంది. "మమ్మీ, ఇంగువ ఏడున్నది?" పక్కకు ఆగి చెప్పింది. మళ్లీ మోగింది. "నా తెల్లంగి ఇస్త్రీ అయ్యిందా?" అని మొగుడు. ఆగి చెప్పింది. "పాలు పొంగినయ్, స్టవ్ అంటుకుంటలేదు!" ఆగింది. "మోటరు ఎప్పుడు బంద్ చెయ్యాలె?" మళ్లీ ఆగింది. మిగిలిన ఆడవాళ్లు ముందుకు పోయి, ఆమె కోసం ఆగి, మళ్లీ పోయి, మళ్లీ ఆగారు. కాళ్లు నొప్పి పుట్టడం కాదు, బుర్ర వాచిపోయింది. ఆ సాయంత్రం పాలకుర్తి గుట్ట కింద సత్రం అరుగు మీద కూలబడి పద్మ భోరుమంది.

"సైకిల్ తొక్కితే అలుపు రాలేదు టీచర్! ఆ ఇల్లును ఈపు మీద ఏసుకొని తొక్కుతాన్న! ఇంగ నాతోని కాదు..."

శ్రీలత టీచర్ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది.

రెండో రోజు పొద్దున ఫోను మోగలేదు.

మొదట పద్మకు అది తెలియనే లేదు. తొర్రూరు దారికి రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. ఒడి కట్టుకొని పత్తి ఏరుతున్న కూలీ ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. "ఏడికి పోతాన్రక్కా అందరు? మొక్కున్నదా?" అని అందులో ఒకామె కేకేసింది. "లేదు చెల్లే! ఊకెనే!" అని పద్మ అరిచింది. "ఊకెనేనా!" అని చేనంతా ఒకటే నవ్వు. పద్మ కూడా నవ్వింది, నవ్వి నవ్వి ఆయాసపడింది. ఊరికే! పని లేకుండా, పిలుపు లేకుండా, ఊరికే ఒక ఊరికి పోవడం ఆమె బతుకులో అదే మొదటిసారి.

తొర్రూరు చేరి భోజనానికి కూర్చున్నాక గుర్తొచ్చింది. ఇంతసేపైనా ఎవరూ ఫోన్ చేయలేదు! ఇంగువ దొరికిందా? అత్తమ్మ మాత్ర వేసుకుందా? తానే చేసింది. రాంప్రసాద్ ఎత్తలేదు. కొడుకు ఎత్తలేదు. అత్తగారి చిన్న ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. నిన్న ఆ ఫోను మోగితే ఏడ్చిన మనిషి ఇవాళ మోగనందుకు వణికిపోయింది! చివరికి పక్కింటి బక్కమ్మ ఎత్తింది.

"నీకు ఎరుక లేదా పద్మా? పొద్దుగాల మీ అత్తను ఆటోల ఏసుకొని దవాఖానకు పోయిన్రు గద..."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఇంట్లో మనుషులున్నారు కదా పద్మా, చూసుకుంటారు. ఇంకొక్క రోజే..." అని శ్రీలత టీచర్ అంటూనే ఉంది. పద్మకు ఆ మాటలు చెవికెక్కలేదు. సైకిల్ వ్యానులో వేయమని చెప్పి, వరంగల్ బస్సు ఎక్కింది. దారి పొడుగునా ఆమె వెంకన్నను వేడుకోలేదు, తనను తానే తిట్టుకుంది. ఎవరు పొమ్మన్నారు? ఎందుకు పోయావు? ఊరికే పోయినందుకు ఇదా శిక్ష!

ఇంటి మెట్లెక్కి తలుపు తోసేసరికి ముగ్గురూ కొయ్యబారిపోయారు. చిలుకమ్మ కుడి చేతికి తెల్లటి కట్టు. రాంప్రసాద్ చేతిలో పప్పన్నం గిన్నె, తల్లి నోటి ముందు ఆగిపోయిన చెంచా. మూలన సాయితేజ చీపురు పట్టుకొని ఉన్నాడు.

"అయ్యో... ఎందుకొచ్చినవే పిల్లా!" చిలుకమ్మ గొంతు చిరిగినట్టు వచ్చింది. అందరికంటే ముందు ఏడ్చింది ఆమే!

"ఎందుకొచ్చిననా? ఫోన్ ఎత్తకుంటే నేనేమనుకోవాలె అత్తమ్మా! పానం అరచేతిల పెట్టుకొని వచ్చిన! నేను మీకేం కానా? నాకెందుకు చెప్పలేదు!" పద్మ అరిచిన అరుపుకు రాంప్రసాద్ గిన్నె కింద పెట్టేశాడు.

"అమ్మ ఒట్టేయించుకున్నదే..." అన్నాడు తల వంచుకొని. "బాత్రూంల జారి పడ్డది. మణికట్టు ఇరిగింది. నీకు ఫోన్ చేస్తనంటే నా చెయ్యి గుంజుకొని నెత్తి మీద పెట్టుకున్నది. 'నా మీద ఒట్టు, దానికి చెప్పొద్దు' అన్నది. నీ ఫోనొస్తే ఏం చెయ్యాలె? ఎత్తితే నా గొంతుల తేడా నువ్వు పట్టేస్తవ్. అందుకే ముగ్గురం మోగే ఫోన్లను చూసుకుంట కూసున్నం."

చూశారా, ఈ ఇంటివాళ్ల తెలివి! ఇంగువ కోసం పదిసార్లు ఫోన్ చేసినప్పుడు లేని జాలి, ఎముక విరిగినప్పుడు వచ్చింది. ఆ జాలే ఆమెను వెనక్కి గుంజుకొచ్చింది!

చిలుకమ్మ ఎడమ చేత్తో కోడలి చెయ్యి వెతుక్కుంది. "నిన్న పొద్దంత వీళ్లు నీకు ఫోన్లు చేస్తాంటె విన్న బిడ్డా. ఒక్క ఇంట్ల గన్ని సార్లు పద్మా పద్మా అంటరా అనిపిచ్చింది. నేను సుత అంటనే ఉంటి గద ఇన్నేండ్లు... కనీసం పడ్డనాడన్న పిలవొద్దనుకున్న. గదీ ఖరాబాయె!"

పద్మ నేల మీద కూలబడి, అత్తగారి ఒడిలో తల పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. కోపమంతా ఎటు పోయిందో! మిగిలింది అలసట ఒక్కటే.

రాంప్రసాద్ పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్నాడు.  "పొద్దుగాల నుంచి అమ్మను లేపుడు, కూసుండవెట్టుడు, తినవెట్టుడు. గింతల్నే నా నడుం పడిపోయిందే. ఇంట్ల పండుకో అన్న గద నిన్ను... ఈ ఇంట్ల నువ్వెప్పుడు పండుకున్నవ్? యాదికి తెచ్చుకుందమంటే ఒక్క దినం యాదికొస్తలేదు." అంత పెద్ద మనిషి కళ్లు తుడుచుకుంటుంటే పద్మ చూడలేకపోయింది.

మరునాడు మధ్యాహ్నం దాటాక కింద బజారులో బెల్లులే బెల్లులు! కొట్టు ముందు దుమ్ము కొట్టుకుపోయిన ఆడవాళ్లు, ఎండకు కమిలిన ముఖాలు, వరసగా సైకిళ్లు. పద్మ సైకిల్ ఇచ్చిపోవడానికి వ్యాను ఆగింది. గిన్నెలు తోముతున్న చేతులు మసిగుడ్డకు తుడుచుకుంటూ ఆమె వరండాలోకి వచ్చింది.

"దించి ఇంట్ల పెట్టకున్రి!" వెనకనుంచి చిలుకమ్మ కేక. కట్టు కట్టిన చేతిని పొట్టకు ఆనించుకొని తానే గడపదాకా నడిచి వచ్చింది. "ఇంగెంత దూరమున్నది మీరు పోయేది?"

"హన్మకొండే, పెద్దమ్మా. ఇంతే మిగిలింది," అంది కింద నుంచి శ్రీలత టీచర్.

"గంతన్న తొక్కుతది నా కోడలు. పద్మా, పో!"

"అత్తమ్మా, మీకు అన్నం..."

"వాడు తినవెడ్తడు. ఏం రా?"

రాంప్రసాద్ పెళ్లాం చేతిలోని మసిగుడ్డ తీసుకున్నాడు.

పద్మ ఇంటి చీరలోనే, కుచ్చిళ్లు ఎగదోపి, రబ్బరు చెప్పులతో ఎక్కింది. ఆటోలు, బస్సులు, హారన్లు. బజారు రద్దీ దాటేసరికి పిక్కలు పీకాయి. కళ్లు మసకబారాయి. మూడు రోజుల యాత్రలో దక్కింది ఒకటిన్నర రోజు, ఆపైన ఈ కాస్త. "బాధగా ఉందా వదినా?" అని పక్కనామె అడిగితే "ఉన్నది" అంది. అబద్ధం చెప్పే ఓపిక లేదు ఆమెకు.

హన్మకొండలో అందరి ఇళ్లవాళ్లూ దండలు, పిల్లలతో ఎదురొచ్చారు. పద్మ కోసం ఎవరూ రాలేదు. అక్కడ ఇంట్లో ఆ వేళకు రాంప్రసాద్ తల్లికి అన్నం కలిపి పెడుతూ ఉంటాడని ఆమెకు తెలుసు. ఉప్పెక్కువ వేసి ఉంటాడు. వేయనీ!

రోడ్డు పక్క బల్ల మీద కూర్చుంటే శ్రీలత టీచర్ చాయ్ తెచ్చి చేతికిచ్చింది. పొగలు కక్కుతోంది. ఇంట్లో ఏ రోజూ పద్మ చాయ్ వేడిగా తాగలేదు. అందరికీ ఇచ్చి, అందరి పనీ చూసి, చివరికి మీగడ కట్టిన చల్లటి గ్లాసు ఎత్తేది. ఇప్పుడు నాలుక కాలుతున్నా ఊదుకుంటూ అడుగుదాకా తాగింది.

"ఇంటికి ఆటో మాట్లాడనా?" అని టీచర్ అడిగింది.

"జర ఆగున్రి టీచర్," అంది పద్మ, చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంటూ. "ఇంకో చాయ్ చెప్పున్రి."