అంచున ముందుకొచ్చిన స్తంభం

ఏజెంట్ పిచ్చుకకు, అది ఆమె మారుపేరు, చావంటే భయం లేదు. తను డ్యూటీలో ఉండగా కూతురికి ఏమన్నా అవుతుందేమోనన్నదే భయం. మూడేళ్ల ఆ పిల్ల ఇప్పుడు ఈ గూఢచారి ఆఫీసు భవనంలోనే, కింద పిల్లల గదిలో, ఆయమ్మ ఒళ్లో ఉంది.

విదేశీ ముఠావాడొకడు ప్లంబర్ వేషంలో వచ్చి, కింది హాల్లో బాంబు దాచి జారుకున్నాడు. స్టీరియో కెమెరా అదంతా రికార్డు చేసింది. రెండు లెన్సులు తీసిన బొమ్మల తేడానుబట్టి దూరం లెక్కగట్టే కెమెరా అది. బిగించింది పిచ్చుకే.

"బాంబు వరుసలో అంచునున్న స్తంభంలో ఉంది. స్క్వాడ్ తవ్వుతోంది," అంది ల్యాబ్ హెడ్. ఆమె నడిచొస్తే ఏజెంట్ల తలలన్నీ తిరిగేవి. చాటుగా అందరూ అత్తరు అనేవాళ్లు.

"మరి పిల్లలు?"

"బయట ముఠా కాపు కాసిందట. గదిలోనే సేఫ్," అన్నాడు చీఫ్.

"ఎవరు చెప్పారు సార్?"

"నేనే," నవ్వింది అత్తరు.

పిచ్చుక స్క్రీన్ చూసింది. ఒళ్లు మండింది. "ఒకే వరుసలో కట్టిన స్తంభాలు కదా, అంచుది ముందుకొచ్చి నిలబడిందేంటి?"

"లెన్స్ వంపు, డియర్. అంచుల్లో బొమ్మ వంగుతుంది. సరిచేశాగా."

"దూరం కట్టాక సరిచేశావ్! అది మొహానికి పౌడరు కొట్టడం. ముందు ఎడమ బొమ్మ, కుడి బొమ్మ విడివిడిగా సరిచెయ్యాలి. ఆ తర్వాతే దూరం."

"ఒరిజినల్స్ చెరిగిపోయాయి."

"సర్వర్లో. నేను పైకొస్తూ కెమెరా కార్డు పీక్కొచ్చా." పిచ్చుక జడపిన్ను విప్పి, అందులోంచి కార్డు తీసింది.

బిగించిన రోజు గళ్ల అట్టను తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. వాటితో లెన్సుల వంపు కొలిచింది. రెండు బొమ్మలనూ సరిచేసి, దూరం మళ్లీ కట్టింది. స్తంభం వెనక్కి జరిగి వరుసలో నిలబడింది. ప్లంబర్ చెయ్యి దాన్ని దాటి వెనక గోడలోకి పోయింది.

గోడకు అవతల పిల్లల గది.

అత్తరు లిప్‌స్టిక్ మూత తీసింది. విషపు సూది మెరిసింది. పిచ్చుక ఆ మణికట్టు మెలిపెట్టి గోడకేసి కొట్టింది. "పసిపిల్లల పక్కన పెట్టించడానికి నీకు చేతులెలా వచ్చాయే!" వైర్‌లెస్‌లో ప్రమాద సంకేతం అరిచింది: "వాన పడింది! స్తంభం వదిలెయ్యండి! వెనక గోడ!"

ఆఖరి సెకనులో స్క్వాడ్ చేతిలో బాంబు తీగ తెగింది.

"శభాష్. రిపోర్టు రాసియ్యి," అన్నాడు చీఫ్.

"మళ్లీ కొలవమని మీరు ఒక్క మాట అనలేదనీ రాయనా సార్?"

చీఫ్‌కు మెడల్ వచ్చింది. స్తంభానికి కొత్త సిమెంటు వచ్చింది. పిల్లలందర్నీ ఒంటితో కప్పేసి, ఆ గోడకే వీపానించి కూర్చున్న ఆయమ్మను మాత్రం ఎవరూ పలకరించలేదు. మీరెప్పుడైనా అటువైపు వెళ్తే, అన్నం తిన్నావా అమ్మా అని ఒక్కసారి అడిగి రండి.