పద్నాలుగో గల్లీ పట్టభద్రులు

పద్నాలుగో గల్లీ లెక్క చూసి సార్ నవ్విన నవ్వుకు మేఘాకు తల కొట్టేసినట్లయింది. కామాఠిపురా అయిదు దేశాలనూ దాటేసిందమ్మా అన్నాడాయన.

అయిదు దేశాల్లో పైచదువులు ఎలా సాగుతున్నాయో పోల్చే ప్రాజెక్టుకు ఆయన పెద్ద. కాలేజీలో ఎందరు చేరారు, ఎందరు చివరిదాకా నిలిచారు అన్నది ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. మేఘా వంతుకు సొంత పేటే, ముంబయిలో తెలుగు కూలీలు స్థిరపడ్డ కామాఠిపురాయే వచ్చింది. ఆ గల్లీలో కాలేజీ ఈడు కుర్రాళ్లు ముప్పై ఒక్కమంది ఉంటే ఇరవై తొమ్మిదిమంది చదువుతున్నారట! మార్కుల మెమోలు చూసి మళ్లీ రాసుకు రమ్మన్నాడు సార్.

తప్పెక్కడ జరిగిందో బస్సులోనే తట్టింది. ఒకే వరండాకు వరసగా ఒంటిగది కాపురాలుండే చాల్‌లో ఎవరైనా వచ్చి అబ్బాయి చదువు అడిగారంటే అది సంబంధం వాకబే. ఇంటివాళ్లే కాదు, వరండాలో కూర్చున్న ప్రతివాళ్లూ పిల్లవాడి చదువు రెండేళ్లు పెంచి చెబుతారు. అక్కడ అది అబద్ధం కాదు, ఇరుగుపొరుగు మర్యాద. ఆ పేటలోనే పుట్టి పెరిగి ఇంత చిన్న సంగతి ఎలా మరిచిందో ఖర్మ!

ముందు స్వప్నిల్ ఇంటికే వెళ్లింది. అతనంటే ఆమెకు మూడేళ్లుగా ప్రాణం. అతనికి డిగ్రీ చేతికొచ్చాకే పెళ్లి మాట అని మేఘా తండ్రి భూమయ్య షరతు. స్వప్నిల్ తల్లి లక్ష్మవ్వ మొన్న కొడుకుది ఆఖరు సంవత్సరమని వరండా అంతా వినేలా రాయించింది.

స్వప్నిల్ మెట్ల దగ్గర వానకు తడిసి నిలబడి ఉన్నాడు. మెమో అడిగితే, ఇంత నమ్మకం లేని పిల్లను కట్టుకుంటే రోజూ అటెండెన్స్ వేయించుకోవాలేమోనని ఏడిపించాడు. ఆమె నవ్వుతూనే చేయి చాచింది. అతను సంచీ తెరిచి చూపించాడు. లోపల పుస్తకాల్లేవు. సిమెంటు అంటిన తాపీ ఉంది.

"రెండేండ్లాయె కాలేజ్ ఇడిసి. ధారావిల సైట్ మీద చేస్తున్న."

అతని తండ్రి ముత్తయ్య పరంజా మీంచి పడి మంచం పట్టిన నెలలోనే మానేశాడట. ఈ రెండేళ్లూ ప్రతి ఆదివారం ఆమెకు లెక్చరర్ల కబుర్లు చెప్పాడు. మేఘాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఫోన్లో సర్వే ఫారం తెరిచి, చదువు మానిన కారణమేమిటని గవర్నమెంటు మనిషిలా అడిగింది.

"ఇష్టం లేక అని రాయి. మా నాయిన వల్లనని ఏ కాగితంల ఉండొద్దు."

"ఇందుల పేర్లుండవు. నిజమే రాస్త" అంది మేఘా. రాసింది. "నాకు నీ మీద కోపమున్నది స్వప్నిల్, శాన ఉన్నది. అయినా నువ్వే గావాలె."

అతను మెట్టు మీద కూలబడి, తల్లికి వినపడకుండా ఏడ్చాడు.

గల్లీ అంతా తిరిగేసరికి ఇరవై తొమ్మిది కాస్తా పదకొండయింది. ఇంటికెళ్లి భూమయ్యకు స్వప్నిల్ సంగతి దాచకుండా చెప్పింది.

"తాపీ పట్టేటోనికి పిల్లనియ్య" అన్నాడు భూమయ్య. "ఈ ఇంట్ల నేను పట్టింది చాలు."

"నువ్వు పట్టినవని అమ్మ నిన్ను ఇడిసిపెట్టిందా నాయినా?"

భూమయ్య కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. సరేననలేదు. కానీ ఆదివారం ఆమె చెప్పులు వేసుకుంటుంటే ఎక్కడికని అడగలేదు.