భుజాలు పట్టే టికెట్టు

నా కుడిచేయి చెవి దాటి పైకి లేవడం మానేసి అప్పటికి రెండు నెలలు. మత్సుయే ఊళ్ళో ఇరవై తొమ్మిదేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాను. సరస్సు పక్క రోడ్డులో ఎన్ని మలుపులున్నాయో అన్నీ వచ్చి నా భుజంలో కాపురం పెట్టాయి. వచ్చే మంగళవారం కంపెనీ డాక్టరు పరీక్ష. రెండు చేతులూ నిటారుగా ఎత్తి చూపించాలి. లేవకపోతే బస్సు దింపేసి, ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులు దాచే గదిలో కూర్చోబెడతారు. అక్కడ కూర్చున్న పాతాయన మూడో ఏటికల్లా గొడుగులతో మాట్లాడుతున్నాడని చెప్పుకుంటారు. నాకు ఇప్పటికే అద్దం తుడిచే వైపరుతో మాట్లాడే అలవాటుంది. నాకు మూడేళ్ళు అక్కర్లేదు.

అందుకని నవంబరు వానలో, సాయంత్రం నాలుగింటికి, డ్యూటీ దిగి కురేమత్సు మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

బజారు వీధిలో జోళ్ళ కొట్టు మీద మేడగది. మాస్టారికి పుట్టుకతో చూపు లేదు. యాభై ఏళ్ళుగా ఆ గదిలోనే షియత్సు చేస్తున్నారు. నూనె ఉండదు, రుద్దడం ఉండదు. బట్టల మీదనుంచే బొటనవేళ్ళతో నొక్కుతారు, అంతే. బల్ల దగ్గర ఆయన చెల్లెలు తొమియే గారు కూర్చుని టికెట్లు తీసుకుంటారు. పదిసార్లకి ఒక కట్ట.

"రావయ్యా సెయిజీ. మొహం చూస్తే బస్సు నువ్వు నడిపినట్టు లేదు, నీ మీంచి వెళ్ళినట్టుంది."

"ఈమధ్య రెండూ ఒకటేనండి."

"నేను మందుల షాపు దాకా వెళ్ళొస్తా. టికెట్టు అన్నయ్య చేతికిచ్చి పడుకో. ఇవ్వకుండా పడుకున్నా ఆయనకి తెలుస్తుంది, అదో విద్య" అంటూ ఆవిడ గొడుగు తీసుకుని మెట్లు దిగారు.

గదిలో రెండు పరుపులు, మధ్యలో ఒక తెర. కాల్చిన మాచిపత్రి వాసన, చెమ్మ పట్టిన చాప వాసన. కింద వీధికి కప్పిన రేకుల మీద వాన విసుగూ విరామం లేకుండా పడుతోంది. గోడ గడియారం మాత్రం మెలకువగా ఉంది. నేను బోర్లా పడుకున్నాను. మాస్టారు నా వీపు మీద పల్చటి తెల్లగుడ్డ పరిచి, ఎడమ అరచేయి ఆనించారు.

"ఇది తల్లి చేయి. కదలదు" అన్నారు. నలభైసార్లు విన్నాను, నలభై ఒకటోసారీ విన్నాను. "కుడిది పిల్ల చేయి. అది తిరిగి తిరిగి చోటు వెతుకుతుంది. రెండూ ఒక్కసారి ఎత్తేస్తే ఒళ్ళు బెదిరిపోతుంది. పని పూర్తయ్యేదాకా ఒకటి ఉండాల్సిందే."

నాకు కళ్ళు మూతలు పడ్డాయి. అలసిపోయినవాడికి చాప కూడా తల్లి ఒడే. నా గురక నాకే వినిపించడం మొదలైంది...

తెర అవతల గుడ్డ సర్దుకున్న చప్పుడు. తర్వాత చిన్న నిట్టూర్పు.

"పక్కన ఎవరో ఉన్నారా మాస్టారూ?"

"నీతో వచ్చినావిడేగా. మెట్ల మీద మీ ఇద్దరి అడుగులూ కలిసే వినిపించాయి."

"నేనొక్కణ్ణే వచ్చానండి."

మాస్టారి బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"టికెట్టు కూడా ఇచ్చింది. మా పాతకాలపుదనుకుంటా, కాగితం మందంగా ఉంది. చెల్లెలు లేదు కదా, ఏముందో చదివి పెట్టు." ఎడమచేయి నా వీపు మీదే ఉంచి, కుడిచేత్తో కోటు జేబులోంచి తీసి నా ముక్కు ముందు పెట్టారు.

బొమ్మలు వేసుకునే కాగితం. వంకరగా కత్తిరించి ఉంది. ఆకుపచ్చ రంగుబలపంతో రెండు చేతుల బొమ్మ, ఒకదానికి ఆరు వేళ్ళు. కింద పెద్ద పెద్ద అక్షరాలు:

భుజాలు పట్టే టికెట్టు. పది నిమిషాలు. ఎప్పుడైనా సరే. సెయిజి.

ఆ ఆరో వేలు వేసింది నేనే. నాకు ఏడేళ్ళు అప్పుడు. ముసలివాళ్ళని గౌరవించే పండగకి మా క్లాసులో అందరం ఇలాంటివి చేసి ఇళ్ళకి పట్టుకెళ్ళాం. నేను పది చేసి మా ఉమే బామ్మకి ఇచ్చాను. బామ్మ సరస్సులో ఆల్చిప్పలు ఏరి, కావడి మోసుకుంటూ వీధి వీధీ తిరిగి అమ్మేది. మూడు టికెట్లు వాడుకుంది. మూడుసార్లూ నేను ఏడు నిమిషాలకే "పది అయిపోయాయి బామ్మా!" అని లేచిపోయాను. బామ్మ గడియారం వైపు చూసేది. "సరే నాన్నా" అనేది. నాలుగోది పట్టుకొచ్చిన రోజు నాకు బేస్‌బాల్ ఉంది. రేపు అన్నాను. ఆ చలికాలం దాటలేదు బామ్మ.

శవపెట్టెలో ఆవిడ పక్కన కళ్ళజోడు పెట్టారు, జపమాల పెట్టారు. మిగిలిన ఏడు టికెట్లూ నేను పెట్టాను. "ఒరేయ్, అవి పెట్టకురా, అడగడానికి వచ్చేస్తుంది!" అంది మా అత్త. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వేశారు. తర్వాత దహనం. పొడుగు పుల్లలతో ఎముకలు ఏరినప్పుడు నేనూ ఉన్నాను. ఆ బూడిదలో కాగితం ముక్క ఒక్కటి లేదు. నేను వెతికాను కూడా.

"సెయిజీ..." తెర వెనక గుసగుస. "ఇప్పుడు తీరికేనా?"

నా నాలుక చాపకి అంటుకుపోయింది.

"ఆటకి వెళ్ళాలా..."

"ఏం రాసుంది?" అన్నారు మాస్టారు.

చదివాను. గొంతు ఏడేళ్ళవాడిదిలా వచ్చింది.

"అయితే నా పని కాదు, నీదే. వెళ్ళు."

"మాస్టారూ, ఆవిడ... ఆవిడ పోయి నలభై అయిదేళ్ళు..."

ఆయన కుడిచేత్తో టికెట్టు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. అరచేయి మాత్రం తీయలేదు.

"నొప్పితో మెట్లెక్కి వచ్చినవాళ్ళని నేనెప్పుడూ తిప్పి పంపలేదయ్యా" అన్నారు. "తల్లి చేయి గుర్తుందిగా?"

పారిపోవచ్చు. తలుపు తెర ఇవతలే ఉంది. కానీ నేను సెయిజిని. ముందు చెప్పిన పని చేస్తాను, తర్వాత ఎగ్గొడతాను.

తెర తీశాను. తెల్లగుడ్డ కింద చిన్న ఆకారం, బోర్లా. మొహం కనిపించలేదు. చూడాలనీ అనుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ అరచేయి ఆనించాను. గుడ్డ తడిగా ఉంది. సరస్సు అడుగు బురద వాసన. భుజం మీద కావడి బద్ద దిగిన గుంట అలాగే ఉంది... నా బొటనవేలు దానిలో సరిగ్గా పట్టింది.

గడియారం నాలుగూ ఇరవై.

నొక్కాను. రాయి. మళ్ళీ నొక్కాను. చల్లదనం గోళ్ళ కిందనుంచి మోచేతి దాకా పాకింది. నాలుగూ ఇరవై మూడు. నా భుజంలో ఎవరో సన్నగా రంపం లాగుతున్నారు. నాలుగూ ఇరవై అయిదు. నిజం చెబుతున్నాను, అప్పటికి భయం పోయింది. అలుపే మిగిలింది. దెయ్యం ముందు కూర్చుని ఆవలించిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నాలుగూ ఇరవై ఏడు.

"పది అయిపోయాయి బామ్మా."

ఎందుకన్నానో నాకు తెలియదు. నోటికి అలవాటు.

గుడ్డ కింద తల కొంచెం తిరిగింది. గడియారం వైపు.

"సరే నాన్నా."

రెండు చేతులూ ఎత్తేశాను. గుడ్డ మెల్లగా దిగి చాపకి అంటుకుపోయింది. దాని కింద ఏమీ లేదు. తడి మాత్రం ఉంది.

"ఎందుకు తీశావు?" తెర అవతలనుంచి మాస్టారు. ఆ గొంతులో అలాంటి తొందర నేనెప్పుడూ వినలేదు.

"అయిపోయిందండి."

"అవలేదు. నా వేళ్ళకి తెలుసు." తెర తడుముకుంటూ ఇటు వచ్చారు. "పైగా ఆవిడ చేతిలో కట్ట ఉంది. నాకు ఒకటి చింపి ఇచ్చేటప్పుడు తడిమాను. ఇంకో ఆరున్నాయి."

మెట్లు దిగుతుంటే తొమియే గారు ఎదురొచ్చి పక్కకి జరిగారు. ఒక్క మనిషికి అంత జాగా అక్కర్లేదు. "మీ పెద్దావిడకి గొడుగు లేదా?" అన్నారు. నేను వానలోకి దిగిపోయాను. ఇంటికి వెళ్ళే బస్సులో నిలబడి ఉండగా నా ఎడమ భుజం మీద ఒక అరచేయి ఆనింది. నొక్కలేదు. కదలలేదు. ఊరికే ఉంది.

మంగళవారం దాకా ఉంది.

"చేతులు పైకి" అన్నాడు డాక్టరు. కుర్రాడు, మంచివాడు. ఎడమది ఎత్తాను. కుడిది ఎలా ఎగ్గొట్టాలా అని ఆలోచిస్తుండగానే అది కూడా లేచింది. చెవి దాటింది. నిటారుగా నిలబడింది. నొప్పి లేదు. నేను ఎత్తలేదు. మణికట్టు చుట్టూ చల్లగా తడి.

"బ్రహ్మాండం సెయిజి గారూ! చాలు, ఇక దించండి."

ఎడమది దించాను. కుడిది దిగలేదు.

"దించండి పరవాలేదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. బలమంతా పెట్టి లాగాను. దిగలేదు. డాక్టరు నా కాగితాల మీద ఏదో రాసుకుంటూ ఉండిపోయాడు. గోడ గడియారం చూశాను. ఒక నిమిషం... రెండు... గదిలో సరస్సు బురద వాసన.

సరిగ్గా మూడు నిమిషాలకి చేయి నాకు తిరిగొచ్చి ఒళ్ళో పడింది.

డాక్టరు ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చాడు. బస్సు నడపడానికి యోగ్యుడు.

గొడుగుల గదే కావాలని అడగడానికి ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరు కాగితం చూసి, నా ఎడమ భుజం తట్టబోయి ఎందుకో చేయి వెనక్కి తీసుకున్నాడు. ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మనుషులు లేరయ్యా, రేపటికి నువ్వే" అన్నాడు.

ఇంకా ఆరు టికెట్లున్నాయి. ఒక్కోటి పది నిమిషాలు. ఎప్పుడైనా సరే.

రేపు పొద్దున్న ఆరున్నరకి సరస్సు రోడ్డులో మొదటి బస్సు నాది.